ముందు రెండు రూపాయల వడ్డీ తీర్చు, చిన్నబాబూ

చిరంజీవి చిన్నబాబుకి అత్త ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. నీకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందని, మొదటి జీతం కూడా పడిందని మీ నాన్న ఫోన్ చేశాడు. "తోట మీద అప్పు ఇక నాది నాన్నా, నువ్వు బెంగపెట్టుకోకు" అని నువ్వన్న మాట చెబుతుంటే వాడి గొంతు పూడుకుపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి చెట్లన్నీ పడగొట్టినప్పటి నుంచి వాడు అంత తేలికగా మాట్లాడటం నేను వినలేదు. పాతికేళ్లు నిండని పిల్లాడు తండ్రి అప్పు తన మీద వేసుకున్నాడంటే మేనత్తకి ఎంత గర్వంగా ఉంటుందో నీకు తెలియదు.

ఆ తర్వాత మిగతాది చెప్పాడు. స్నేహితుడి దగ్గర ఏడాదికి 50 వేలు కట్టే పాలసీ తీసుకున్నావట, టాక్స్ కలిసొస్తుందని. నెలకు పది వేలు ఫోన్‌లోంచే షేర్ మార్కెట్ ఆప్షన్స్‌లో పెట్టి, ఏడాది తిరిగేసరికి అప్పుకి సరిపడా సంపాదిస్తావట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. కుదురుగా కూర్చుని చదువు.

ముందు పాలసీ సంగతి, దానికి గడువుంది కాబట్టి. జీవిత బీమా పాలసీ డాక్యుమెంటు నీకు అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు "నాకొద్దు" అని రాసిస్తే కంపెనీ వెనక్కి తీసుకోవాలి. దాన్ని ఫ్రీలుక్ పీరియడ్ అంటారు. స్టాంపు డ్యూటీ, వైద్య పరీక్ష చేయించి ఉంటే ఆ ఖర్చు, ఆ కొద్ది రోజుల బీమాకి అయ్యే సొమ్ము పట్టుకుని మిగతాది తిరిగిస్తారు. ఆ 30 రోజులు దాటాక మానేస్తే సరెండర్ అంటారు. మొదటి ఏళ్లలో సరెండర్ చేస్తే కట్టినదాంట్లో చాలా పోతుంది.

ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. 20 ఏళ్లలో 10 లక్షలు కడితే చివర 20 లక్షలు వస్తాయి, రెట్టింపు, అన్నాడట నీ స్నేహితుడు. ఆ రెట్టింపు అనే మాట దగ్గరే అందరూ సంతకం పెట్టేస్తారు. మొదటి ఏడాది కట్టిన 50 వేలే 20 ఏళ్లూ ఉంటాయి, చివరి ఏడాది కట్టినవి ఏడాది మాత్రమే ఉంటాయి. అలా విడివిడిగా లెక్కేస్తే ఏడాదికి పడే వడ్డీ 6 శాతం పైచిలుకు. అదే 50 వేలు పోస్టాఫీసులో పీపీఎఫ్ అనే ప్రభుత్వ పొదుపు ఖాతాలో వేస్తే, ఇప్పుడున్న 7.1 శాతం అలాగే కొనసాగితే, 20 ఏళ్లకి 22 లక్షలు దాటుతుంది. దాని గడువు 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. పైగా నీ పాలసీలో ఆ 20 లక్షలు గ్యారంటీయేనా? వాళ్లిచ్చిన కాగితాల్లో బెనిఫిట్ ఇలస్ట్రేషన్ అని ఉంటుంది, తీసి చూడు. 4 శాతానికి ఒక లెక్క, 8 శాతానికి ఒక లెక్క ఉంటే అవి రెండూ ఊహ లెక్కలే. గ్యారంటీ అని రాసిన మొత్తం పక్కన వేరే ఉంటుంది. ఏజెంట్లు వేలు పెట్టి చూపించేది ఎప్పుడూ ఆ పెద్ద అంకెనే.

ఇక నోటితో అనకూడని మాట ఒకటి అనాలి. సమ్ అష్యూర్డ్ అంటే నీకేదైనా అయితే ఇంటికొచ్చే మొత్తం. నీ పాలసీలో అది 5 లక్షలట. నీ వెనక అమ్మ, నాన్న, ఇంకా చదువుకుంటున్న చెల్లెలు, తోట మీద అప్పు. 5 లక్షలు దేనికి చాలుతుంది? బీమా కావాలంటే టర్మ్ పాలసీ తీసుకో. అందులో గడువు తీరాక చేతికి ఏమీ రాదు. డబ్బు దండగ అని మీ నాన్న అంటాడు, ఆ మాట పట్టించుకోకు. ఏమీ తిరిగి రాదు కాబట్టే ప్రీమియం తక్కువ. నీ వయసులో, పొగతాగే అలవాటు లేనివాడికి, కోటి రూపాయల టర్మ్ పాలసీ ఏడాదికి పదిహేను వేల లోపే దొరుకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులు తీసుకునే జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్‌టీ కూడా తీసేశారు. ఫారంలో మాత్రం అన్నీ నిజాలే రాయి. మూడేళ్లు దాటిన జీవిత బీమా పాలసీని చట్టప్రకారం ఏ కారణంతోనూ కంపెనీ ప్రశ్నించకూడదు, కానీ ఆ మూడేళ్లలోపు దాచిన విషయం బయటపడితే ఇంట్లోవాళ్లే అవస్థ పడతారు.

టాక్స్ కలిసొస్తుందన్నది నాకు అన్నిటికంటే కోపం తెప్పించిన మాట. నీ జీతం ఏడాదికి 7 లక్షలు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో, పన్ను వేయదగిన ఆదాయం 12 లక్షలు దాటకపోతే పన్ను సున్నా. జీతం తీసుకునేవాళ్లకి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ ఉంది కాబట్టి 12 లక్షల 75 వేల దాకా భయం లేదు. నువ్వు కట్టాల్సిన పన్నే లేనప్పుడు మిగిలేదేముంది? బీమా, పీపీఎఫ్ లాంటివాటికి ఇచ్చే 1.5 లక్షల మినహాయింపు పాత విధానం ఎంచుకున్నవాళ్లకే. ఆ అబ్బాయికి ఇది తెలియదో, తెలిసే చెప్పలేదో నాకు తెలియదు. ఈ మాటలు కూడా తేడా తెలుసుకో: డిడక్షన్ అంటే పన్ను లెక్కకట్టకముందు ఆదాయంలోంచి తీసేసేది. రిబేటు అంటే లెక్కకట్టిన పన్నులోంచి తీసేసేది. ఆ 12 లక్షల దాకా పన్ను పడకపోవడానికి కారణం రిబేటే. షేర్లు ఏడాదిలోపు అమ్మి లాభపడితే దాని మీద 20 శాతం పన్ను వేరేగా ఉంది, దానికి ఈ రిబేటు వర్తించదు. టీడీఎస్ అంటే జీతం ఇచ్చేవాళ్లు ముందే కోసి నీ పాన్ మీద ప్రభుత్వానికి కట్టేది. ఎక్కువ కోస్తే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి.

ఇప్పుడు అప్పు. మీ నాన్న తెచ్చింది 3 లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. మనకి చిన్నప్పటి నుంచీ విన్న మాట కాబట్టి రెండు రూపాయలే కదా అనిపిస్తుంది. అది నెలకి. ఏడాదికి 24 శాతం. నెలకి 6 వేలు, ఏడాదికి 72 వేలు, అసలు ఒక్క రూపాయి తగ్గకుండా. ఇది బారువడ్డీ. కట్టలేని ఏడాది నోటు తిరగరాయించి వడ్డీని అసల్లో కలిపితే చక్రవడ్డీ అవుతుంది. చక్రవడ్డీలో సొమ్ము ఎన్నేళ్లకి రెట్టింపవుతుందో తెలియాలంటే 72ని వడ్డీ శాతంతో భాగించు. 24 శాతానికి మూడేళ్లు. 7.1 శాతం పీపీఎఫ్‌కి పదేళ్లు. మూడేళ్లలో రెట్టింపయ్యే అప్పు ఇంట్లో పెట్టుకుని, పన్నెండేళ్లకి రెట్టింపయ్యే పాలసీలో డబ్బు వేయడమేమిటి నాన్నా? ఏడాదికి 24 శాతం నమ్మకంగా మిగిలే పెట్టుబడి దేశంలో ఎక్కడా లేదు. నీకు మాత్రం ఉంది, ఆ అప్పు తీర్చడమే.

ఎలా తీర్చాలో కూడా చెబుతాను. మీ అమ్మ గాజులు, గొలుసు బ్యాంకులో పెడితే బంగారం మీద అప్పు రూపాయి వడ్డీ లోపే వస్తుంది. మరదలితో నేను మాట్లాడాను. ముందు కాస్త బాధపడింది, తర్వాత సరేనంది. ఆ డబ్బుతో రెండు రూపాయల నోటు చింపించెయ్యి. అసలు కట్టేశాక నోటు వెనక్కి తీసుకోకుండా ఇంటికి రావద్దు. ఇక పాలసీకి, ఆప్షన్స్‌కి అనుకున్న సొమ్ము కలిపి నెలకు పద్నాలుగు వేలు బ్యాంకుకి కట్టుకుంటూ పో. ఇంచుమించు రెండేళ్లలో మీ అమ్మ గాజులు చేతికొస్తాయి.

క్రెడిట్ కార్డు వాడితే నెల బిల్లు మొత్తం కట్టు. మినిమం డ్యూ అని చూపించే చిన్న అంకె కట్టి ఊరుకుంటే, మిగిలిన దాని మీద పడేది మన లెక్కలో మూడు, మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఆ వడ్డీకి ఎవరైనా ఇస్తామంటే గుమ్మం ఎక్కనివ్వం. బండికి లోను తీసుకునేటప్పుడు చివరిదాకా మొదటి అసలు మీదే వడ్డీ వేసే ఫ్లాట్ రేటా, తగ్గే అసలు మీద వడ్డీయా అని అడుగు. లక్షకి రెండేళ్లు 10 శాతం ఫ్లాట్ అంటే నెలకు 5 వేల ఈఎంఐ, నిజంగా పడే వడ్డీ 18 శాతం అవుతుంది.

ఆప్షన్స్ గురించి ఎక్కువ రాయను. ఒక షేరునో, నిఫ్టీ సూచీనో ఫలానా తేదీకి ఫలానా ధరకి కొనే హక్కు, లేదా అమ్మే హక్కు, అదే ఆప్షన్. ఆ హక్కు కోసం ముందుగా కట్టేది ప్రీమియం. ఆ తేదీకి ధర నీవైపు రాకపోతే కట్టిందంతా పోతుంది. షేరు కొంటే ధర పడినా ఎదురుచూడొచ్చు, ఆప్షన్‌కి ఎదురుచూపు లేదు. షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ 2024లో లెక్కలు బయటపెట్టింది: అంతకు ముందు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన మామూలు మనుషుల్లో నూటికి 93 మంది నష్టపోయారు, అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్లు దాటింది. మిగిలిన ఏడుగురిలో నేనుంటాను అని ఆ 93 మందీ అనుకునే ఉంటారు. నువ్వు తెలివైనవాడివే. కానీ మీ నాన్న వడ్డీ డబ్బు అందులో పెట్టకు. ఈ ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను.

ఇంతకంటే పెద్ద భయం నాకు వేరే ఉంది. పాలసీ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని నీ స్నేహితుడు అన్నాడని, నువ్వూ మీ నాన్నకి తప్ప ఎవరికీ చెప్పలేదని తెలిసింది. అది విన్నాక మా చిన్నాన్న గుర్తొచ్చాడు. నీకు చినతాత. నువ్వు చూడలేదు.

1986లో ఇందిరా వికాస పత్రాలని పోస్టాఫీసుల్లో అమ్మడం మొదలుపెట్టారు. సగం ధరకి కొంటే ఐదేళ్లకి పూర్తి ధర ఇచ్చేవారు. వెయ్యికి రెండు వేలు. వాటి మీద కొన్నవాళ్ల పేరు ఉండేది కాదు. కాగితం ఎవరి చేతిలో ఉంటే డబ్బు వాళ్లదే, రూపాయి నోటులాగే. పోయినా, దొంగలెత్తుకెళ్లినా, గుర్తుపట్టలేనంతగా పాడైనా బదులు పత్రం ఇవ్వరని రూల్సులోనే ఉంది. చిన్నాన్న ఆ ఏడు జీడిపిక్కలు అమ్మిన డబ్బుతో 12 వేలు పెట్టి కొన్నాడు. కూతురి పెళ్లికి ఐదేళ్లలో 24 వేలవుతాయని. ఆయన చెడ్డవాడు కాదు, పిసినారీ కాదు. పెళ్లాంతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగడు. కానీ డబ్బు సంగతులు ఆడవాళ్లకి చెబితే ఊరంతా తెలుస్తుందని ఆయన నమ్మకం. రేకు పెట్టెలో పెట్టి బియ్యం గది అటక మీద పెట్టాడు. ఆ సంగతి ఇంట్లో ఒక్క పిట్టకి తెలియదు.

ఐదేళ్లు నిండకుండానే ఒక వేసవి మధ్యాహ్నం తోటలో కుప్పకూలిపోయాడు. చిన్నమ్మకి అప్పటికి నలభై కూడా లేవు. ఎవరికి ఎంత ఇవ్వాలో తెలియదు, ఎవరి దగ్గర ఎంత రావాలో తెలియదు. పెళ్లికి ఏదో దాచానని ఆయన ఒకసారి అన్నాడు, అదేమిటో ఎక్కడో చెప్పలేదు. బ్యాంకుల చుట్టూ, చీటీలు వేసేవాళ్ల చుట్టూ తిరిగింది. చివరికి ఇల్లు నేయించేటప్పుడు పాత కప్పు దించితే ఆ పెట్టె దొరికింది. అడుగు తుప్పు పట్టి చిల్లులు పడింది. లోపలికి చెదలు పోయాయి.

ఆ మిగిలిన ముక్కలు చీర కొంగులో కట్టుకుని సోంపేట పోస్టాఫీసుకి వచ్చింది. కౌంటర్లో నేనే ఉన్నాను. బల్ల మీద పరిచాం. ముక్కకి ముక్క కలిపి చూశాను. మట్టి, పొడి, అక్కడక్కడ ఎర్రగీత. "ఓలమ్మా, ఒక్క నంబరైనా కనిపిస్తాదేటో సూడవే" అంది. లోపల పెద్దాయనకి చూపించాను, ఆయన కూడా అద్దం పెట్టి చూశారు. ఒక్కటీ కనబడలేదు. లైన్లో వెనక నిలబడ్డవాళ్లు కూడా ఏమీ అనకుండా ఊరుకున్నారు. పేరుంటే పేరు పట్టుకుని వెతికేవాళ్లం. చిన్నాన్న నంబర్లు ఎక్కడైనా రాసిపెట్టి ఉంటే ఏదో ఒక దారి అడిగి చూసేవాళ్లం. అసలు ఆయన పోయిన రోజే ఆ పెట్టె సంగతి చిన్నమ్మకి తెలిసి ఉంటే ఏ గొడవా లేకపోయేది, కాగితాలు బాగున్నప్పుడే మార్చుకునేది. జీడితోటలో సగం అమ్మి ఆ పిల్ల పెళ్లి చేశారు. డబ్బు కోసం చిన్నమ్మ ఏడ్చింది ఆ ఒక్కరోజే. తర్వాత ఎన్నేళ్లయినా నేను కనబడినప్పుడల్లా ఒకటే అడిగేది: "నాతో సెప్పుంటే ఏటయ్యేదే?"

ఇప్పుడు అటకలు లేవు, కాగితాలు లేవు. అంతా నీ ఫోన్‌లో ఉంది, ఆ ఫోన్‌కి నీ వేలిముద్రే తాళం. నాకైతే చిన్నాన్న పెట్టె కంటే అదే ఎక్కువ భయం.

అందుకే నామినీ గురించి శ్రద్ధగా చదువు. బ్యాంకు ఖాతాకైనా, షేర్లకైనా, మ్యూచువల్ ఫండ్లకైనా నామినీ అంటే ఆ డబ్బు ముందుగా అందుకునే మనిషి. ఆ డబ్బు చట్టప్రకారం వారసులదే, నామినీ వాళ్లకి అప్పజెప్పాలి. జీవిత బీమాలో మాత్రం 2015లో మార్చిన చట్టం ప్రకారం తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లల్లో ఎవరిని నామినీగా రాస్తే డబ్బు వాళ్ల సొంతమే అవుతుంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురిదాకా నామినీలుగా పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. నువ్వు అమ్మ పేరు రాయి. పెళ్లయ్యాక అన్నిచోట్లా మళ్లీ కొత్తగా నింపు, పీఎఫ్‌తో సహా. కౌంటర్లో నేను చూసిన గొడవల్లో చాలావాటికి మూలం పెళ్లికి ముందు రాసి, తర్వాత మార్చకుండా వదిలేసిన పేరే. అమ్మా, భార్యా ఇద్దరూ ఏడుస్తూ ఒకే కిటికీ దగ్గర నిలబడటం నేను చూశాను. ఆ కష్టం నీ ఇంటికి రాకూడదు.

పీఎఫ్ అన్నాను కదా. నీ బేసిక్, డీఏ మీద 12 శాతం నీ జీతంలోంచి, అంతే కంపెనీ నుంచి. కంపెనీ వాటాలో కొంత పెన్షన్‌కి పోతుంది. పీఎఫ్‌కి నీ పేరు మీద ఇచ్చే యూఏఎన్ నంబరు ఒక్కటే, ఉద్యోగం మారినా అదే. మారినప్పుడల్లా పీఎఫ్ తీసేసి ఫోన్లు కొనుక్కునే పిల్లల్ని చూస్తున్నాను, ఆ పని చెయ్యకు. దానితోపాటు ఈడీఎల్ఐ అని 7 లక్షల దాకా బీమా ఉంటుంది, చాలామందికి తెలియదు.

అప్పు తీరాక నాలుగైదు నెలల ఖర్చు సేవింగ్స్‌లోనో ఎఫ్‌డీలోనో పక్కన పెట్టు. మనది తుఫాన్ల సీమ, ఇంతకంటే చెప్పక్కర్లేదు. బ్యాంకు మూతపడినా ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది. ఊళ్లో పరపతి సంఘాలకి, ఎక్కువ వడ్డీ ఇస్తామనే ప్రైవేటు డిపాజిట్లకి అది లేదు. ఆ తర్వాత కావాలంటే, నిఫ్టీ లాంటి సూచీలో ఉన్న షేర్లనే కొనే ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా సిప్ పెట్టు. సిప్ అంటే స్కీము కాదు, నెలనెలా కట్టే పద్ధతి మాత్రమే. ఎన్ఏవీ అంటే ఒక యూనిట్ ధర. పది రూపాయల యూనిట్ చవక, ఐదొందల యూనిట్ ఖరీదు అనుకోవద్దు, ఎంత శాతం పెరిగిందన్నదే లెక్క. డైరెక్ట్ ప్లాన్‌లో మధ్యవర్తి కమిషన్ ఉండదు కాబట్టి ఎక్స్‌పెన్స్ రేషియో, అంటే ఫండ్ ఏటా కోసుకునే ఖర్చు శాతం, తక్కువ. ఏడేళ్లలోపు కావలసిన డబ్బు మాత్రం అందులో పెట్టొద్దని నా మాట.

ఇంకొకటి, రాయాలంటే చెయ్యి రావడం లేదు. కిడ్నీ జబ్బుతో సతమతమయ్యే మన ఉద్దానంలో పుట్టినవాళ్లకి, కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష అంటే ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. మీ నాన్నకి పోయిన నెల కాళ్లు కాస్త వాచాయి. పలాస ఆసుపత్రిలో చూపించుకోమన్నాను, తోట పని అయ్యాక వెళ్తానన్నాడు. నువ్వు చెబితే వింటాడు. నీ ఆఫీసు ఆరోగ్య బీమాలో తల్లిదండ్రుల్ని చేర్చే వీలుంటే ఈ వారమే చేర్చు. చాలా కంపెనీల గ్రూపు పాలసీల్లో పాత జబ్బులకి ఎదురుచూడాల్సిన గడువు ఉండదు, నీదాంట్లో ఎలా ఉందో అడుగు. కానీ ఉద్యోగం పోతే ఆ కవరూ పోతుంది, అందుకే వాళ్లకి విడిగా ఒకటి కూడా తీసుకో. విడి పాలసీలో పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు. పాలసీలో కో-పే అని ఉంటే బిల్లులో ఇంత శాతం నువ్వే కట్టాలని. రూమ్ రెంట్ లిమిట్ ఉంటే గది అద్దె దాటినప్పుడు మిగతా బిల్లు కూడా ఆ నిష్పత్తిలో కోస్తారు, అది లేని పాలసీ చూడు. పరీక్ష చేయించకముందే పాలసీ తీసేసుకుందాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకు. ముందు పరీక్ష, ఏది తేలితే అది ఫారంలో రాయడం. డబ్బు తక్కువైతే నా పెన్షన్ ఉంది. మొహమాటపడకు.

సంక్రాంతికి వచ్చినప్పుడు అమ్మనీ చెల్లినీ కూర్చోబెట్టి ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టు: ఏ బ్యాంకు, ఏ ఖాతా, యూఏఎన్, షేర్లు ఉండే డీమ్యాట్ ఖాతా, టర్మ్ పాలసీ నంబరు, నామినీ ఎవరు, ఎవరికి ఫోన్ చెయ్యాలి. పిన్‌లు, పాస్‌వర్డులు అందులో వద్దు. పుస్తకం అమ్మ బీరువాలో ఉండాలి. అమ్మకి చదవడం నెమ్మది కాబట్టి అక్షరాలు పెద్దవిగా రాయి.

ఆ పాలసీ డాక్యుమెంటు నీకు ఏ తేదీన అందిందో ఈ ఉత్తరం చదవగానే ఫోన్ చేసి చెప్పు. మెయిల్‌లో వచ్చిందా, కాగితంగా వచ్చిందా అన్నది కూడా. వద్దని రాయాల్సిన ఉత్తరం ఎలా ఉండాలో నేను చెబుతాను, అక్నాలెడ్జిమెంట్ తీసుకోవడం మరిచిపోకు. స్నేహితుడికి కోపం వస్తుందని మొహమాటపడితే నంబరు ఇవ్వు, నేనే మాట్లాడతాను.

ఇట్లు,
మీ అత్త,
సోంపేట